అత్త కుడికాలు

కేకుల వ్యాను నడిపే అత్తకి కాళ్ళు రెండే అయినా, లెక్కలోకి వచ్చేది ఒక్కటే. చిన్నప్పుడు మేడమెట్ల మీంచి పడితే ఎడమ మడమ విరిగి, సరిగ్గా అతక్కుండా ఊరుకుంది. నడవడానికి నడుస్తుంది గాని, గట్టిగా దేన్నీ తొక్కలేదు. అందుకే వయసులో ఉన్నప్పుడు ఆవిడ డ్రైవింగు నేర్చుకుంటానంటే ఇంటిల్లిపాదీ నవ్వారు. "క్లచ్చి తొక్కడానికి ఎవరి కాలు అరువు తెచ్చుకుంటావే?" అన్నాడట తమ్ముడు.

అత్త కాళ్ళరిగేలా తిరిగి, గేర్లు వాటంతట అవే మారే ఒక పాత వ్యానుని వెతికి పట్టుకొచ్చి వాకిట్లో నిలబెట్టింది. దానికి రెండే పెడల్స్. రెండిటికీ కుడికాలే చాలు. "ఇది నా కోసమే పుట్టింది," అని ప్రకటించి, దానికి దొరసాని అని పేరు పెట్టింది. అప్పటికే అది కొత్తదేం కాదు. ఇప్పుడైతే దాని ఈడు బళ్ళు రోడ్డు మీద కనబడటమే మానేశాయి.

ఆనాటినుంచీ బేకరీ కేకులు ఇళ్ళకి చేర్చడమే ఆ ఇద్దరి పని. అత్త చేతిలో దొరసాని నీళ్ళ మీద ఆకులా సాగిపోయేది. ఆవిడ తీసుకెళ్ళిన కేకు మీది క్రీము పువ్వుకి తాను ప్రయాణం చేసిన సంగతే తెలియదని బేకరీలో చెప్పుకునేవారు. ఈ మెప్పంతా తన కుడికాలిదేనని అత్త నమ్మకం. సాయంత్రం ఇంటికొచ్చాక ఎడమకాలికి వేణ్ణీళ్ళ కాపడం పెట్టేది. కుడికాలికి మాత్రం కొబ్బరినూనె రాసి, బిడ్డని జోకొట్టినట్టు నిమిరేది.

ఆ నవ్విన తమ్ముడి కూతురే మేనకోడలు. తొమ్మిదో తరగతిలో చదువు ఆగిపోయాక అత్తకి తోడుగా వచ్చింది. మాట తక్కువ, చూపు ఎక్కువ. మలుపుల్లో అట్టపెట్టెలు జారకుండా రెండు చేతులా పట్టుకోవడం ఆమె పని. పెట్టెలు పట్టుకుంటూనే రోడ్డు చూసింది, అద్దాలు చూసింది, స్టీరింగు మీద అత్త చేతులు చూసింది. చివరికి ఒకరోజు భోజనాల దగ్గర తల వంచుకుని, "నాకూ నేర్పవా అత్తా?" అని అడిగింది. అంత పొడుగు మాట ఆమె నోట రావడం అదే మొదలు. అత్త అన్నం కలపడం ఆపేసింది. పరాయి చెయ్యి దొరసాని స్టీరింగు మీద పడకూడదని ఆవిడ నియమం. మెకానిక్కి కూడా ఆ బండిని షెడ్డులో ముందుకీ వెనక్కీ జరిపే హక్కే తప్ప రోడ్డెక్కించే హక్కు లేదు. అయినా డ్రైవింగు స్కూలు బండి మీద నేర్చుకోమంది. లైసెన్సు చేతికొచ్చిన రోజున ఇంటి తాళాలు అప్పగించినంత భారంగా వ్యాను తాళంచెవి చేతిలో పెట్టింది. "ఒక్కసారి. వాకిట్లోనే," అని గీత కూడా గీసింది.

అలా గీత లోపలే ఉండగా అత్త కళ్ళలో పొర వచ్చింది. ఆపరేషను చెయ్యాలన్నాడు కంటి డాక్టరు. ఆ తర్వాత కొన్ని వారాలు బండి ముట్టుకోకూడదన్నాడు.

"నేను నడిపేది కాలితోనండీ, కంటితో కాదు," అంది అత్త.

డాక్టరు నవ్వలేదు. మేనకోడలు మాత్రం గోడమీది అక్షరాల పట్టిక వైపు తిరిగి, చాలాసేపు శ్రద్ధగా చదివింది.

బేకరీ యజమానిది పెద్ద పొట్ట, సన్నని గొంతు. విషయం విని చేతులకంటిన పిండి దులుపుకున్నాడు. "అక్కగారూ, వేరే వ్యాను ఒకటి ఉంది. కాని దాని డ్రైవరు నాలుగు రోజులకైతే రాడట, ఏడాదికి మాటివ్వాలంటున్నాడు."

"వేరే వ్యానా! ఇంట్లో డ్రైవరు ఉండగా?" అంటూ అత్త మేనకోడల్ని ముందుకు నెట్టింది.

ఆయన ఆ పిల్లని పైనుంచి కిందికి చూశాడు. ఆమె తన చెప్పుల వైపు చూసుకుంది.

"సరే. వచ్చే వారం, ఆదివారంనాడు కొండమీది ఇంట్లో బామ్మగారికి నూరేళ్ళు నిండుతున్నాయి. మూడంతస్తుల కేకు. అది నిలబడి గుమ్మం దాటితే మీ అమ్మాయే నా డ్రైవరు. పడిందంటే మాత్రం, ఏమీ అనుకోకండి, అతనికి మాటిచ్చేస్తాను."

ఆ 'నా డ్రైవరు' అన్న మాట మేనకోడలి చెవిలో ఇంటికెళ్ళేదాకా మోగుతూనే ఉంది. బడి మానేశాక తనకి ఇది కావాలి అనిపించినది ఆమెకి ఆ సీటు ఒక్కటే.

మర్నాడే సాధన మొదలైంది. బేకరీలో మిగిలిన ఎండు కేకులు మూడు తెచ్చి, ఒకదాని మీద ఒకటి పేర్చి, పక్క సీట్లో అత్త ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని కూర్చుంది. మేనకోడలు దొరసానిని వాకిలి దాటించింది. సందు చివరిదాకా బాగానే ఉంది. పెద్ద రోడ్డెక్కి వేగం అందుకోబోతుండగా ఇంజను గొంతు పెంచింది. పెంచింది, ఇంకా పెంచింది, కీచుమని అరిచింది. మొదటి గేరు వదలదే! ఆనక ఎవరో వెనకనుంచి తన్నినట్టు 'దబ్' మని రెండో గేరు పడింది. పై అంతస్తు ఎగిరి అత్త మెడ దగ్గర వాలింది.

"కాలా, రోకలా అది?" అంది అత్త, మెడ మీది ముక్కలు దులుపుకుంటూ. "మెల్లగా తొక్కు."

మెల్లగా తొక్కింది. ఆలస్యంగానే మారింది, తన్నుతూనే మారింది. ఇంకా మెల్లగా తొక్కితే వెనకాల సైకిలువాడు గంట కొట్టి దాటిపోయాడు గాని, గేరు మాత్రం అప్పుడూ తన్నింది.

"అత్తా, బండిలోనే ఏదో ఉందేమో..."

"బండిలో ఏముంటుందే? నన్ను ఒక్కసారైనా తన్నిందా? దిగు, చూపిస్తాను." అత్త స్టీరింగు ముందు కూర్చుంది. దొరసాని పిల్లిలా కదిలింది. గేర్లు ఎప్పుడు మారాయో ఎవరికీ తెలియలేదు. "చూశావా? నోరులేనిది కదా అని దాని మీదికి తోసెయ్యకు."

ఆ వారమంతా ఇదే తంతు. పెరట్లో పిచ్చుకలు కేకుముక్కలు తిని తిని ఎగరలేక గోడమీదే కూర్చుంటున్నాయి. ఆపరేషను రోజు, దాని వెనకే ఆదివారం తరుముకొస్తున్నాయి. మేనకోడలు తన కుడిపాదాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. పాదం పాదంలానే ఉంది. ఇందులో బరువు ఎక్కడుంది?

చివరికి, "నిదానం బాబాయికి ఒకసారి చూపిద్దామత్తా," అంది.

"చూపిద్దాం పద. బండికేం లేదని ఆయన నోటితో చెబితేగాని నీకు బుద్ధి రాదు."

మెకానిక్కి ఆ పేరు ఊరికే రాలేదు. ఆయన ఏ మాటైనా 'నిదానం' తోనే మొదలుపెడతాడు. ఇల్లు తగలబడుతోందన్నా ముందు ఆ మాట అని, చేతులు తుడుచుకుని, అప్పుడు లేస్తాడు. దొరసాని షెడ్డులోకి రాగానే ఇంజను ఆపొద్దన్నాడు. చదును నేల మీద నిలబెట్టించి, గేరుపెట్టె నూనె కొలిచే సన్నని కడ్డీని పైకి లాగి, తెల్లగుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి తీశాడు. నూనె ఎర్రగా, శుభ్రంగా ఉంది. గీత దాకా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన పీల్చాడు.

"వాసన చూస్తావేమయ్యా, తాలింపు వేస్తావా?" అంది అత్త.

"నిదానం అక్కా. మాడు వాసన వస్తే లోపల బిళ్ళలు కాలిపోయినట్టు. గేరుపెట్టె మొత్తం దించాలి. రావడం లేదు, బతికిపోయావు."

తర్వాత అత్త నడిపింది. ఆయన పక్కన కూర్చున్నాడు. మేనకోడలు వెనక, కేకుల అరల మధ్య. షెడ్డు వెనక ఎవరూ తిరగని పొడుగాటి రోడ్డు ఉంది. దొరసాని ఆ కొసకి వెళ్ళి ఈ కొసకి వచ్చింది. ఒక్క కుదుపు ఉంటే ఒట్టు.

"నిదానం... నాకైతే ఏ దోషమూ కనబడలేదు," అన్నాడాయన.

అత్త అద్దంలోంచి వెనక్కి చూసింది. ఆ చూపుకి మాటలు అక్కర్లేదు.

మేనకోడలు అర అంచు పట్టుకుని ముందుకి వంగింది. ఇప్పుడు ఊరుకుంటే ఆదివారం కేకు ఎలాగూ పడుతుంది. సీటు పోతుంది. వారం రోజులుగా మనసులో మెదులుతున్నది ఒకటి ఉంది. చెబితే నవ్వుతారేమోనని దాచుకుంది. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని చెప్పేసింది.

"బాబాయ్, అత్త నడిపితే ఒక చప్పుడు వస్తుంది. గేరు మారే ముందు 'టప్' అని. ప్రతిసారీ వస్తుంది. నేను నడిపితే రాదు."

"దొరసానికి చప్పుడా?" అత్త స్టీరింగు మీద చెయ్యి వేసి, దాన్ని ఓదార్చింది.

నిదానం మాత్రం నవ్వలేదు. "గేరు మారాక వచ్చే చప్పుళ్ళు బోలెడు విన్నాను. మారకముందే వచ్చేది ఎప్పుడూ వినలేదు. అక్కా, ఇంకోసారి."

ఇంకోసారి వెళ్ళారు. ఆయన చెవి రిక్కించాడు. టప్. కాసేపటికి మళ్ళీ టప్. వచ్చిన మాట నిజమే. బండి ఆపించి కిందకి దూరాడు. ఇంజను కూర్చునే దిమ్మల్ని పట్టుకుని ఊపాడు, సైలెన్సర్ని సుత్తి పిడితో తట్టాడు. ఎక్కడా ఆ చప్పుడు లేదు. ఈసారి బండిలో సీటు మానేసి కింద చతికిలబడి, అత్త కాళ్ళ దగ్గరికి తల వంచాడు.

"ఏమిటయ్యా, ఈ వయసులో నాకు పాదపూజా?"

"పోనియ్ అక్కా, మాట్లాడకు."

టప్.

ఆయన తల ఎత్తాడు. మొహం నిండా ఏదో వెలుగు. "అక్కా, నీ చెప్పు తియ్యి."

"ఏమన్నావ్?" అత్త బ్రేకు తొక్కింది. "ఇన్నేళ్ళలో నాకే ఎన్నోసార్లు తియ్యాలనిపించింది. అడిగి మరీ తీయించుకునేవాణ్ణి నిన్నే చూస్తున్నాను."

మేనకోడలు అరల మధ్య మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

చెప్పు తీశాక బండి వెళ్ళింది. టప్ రాలేదు. గేరు మాత్రం ఎప్పటిలాగే వెన్నలా మారింది. నిదానం అత్త పాదం మీంచి కళ్ళు తిప్పలేదు. "నిదానం, నిదానం... అదుగో! అక్కా, గేరు మారబోయే ముందు నువ్వు యాక్సిలరేటరు మీంచి కాలు ఎత్తుతున్నావు. ఎత్తినప్పుడల్లా నీ చెప్పు మడమకి కొట్టుకుంటోంది. ఆ టప్ బండిది కాదు, నీది."

"నేనా? ఎత్తడమా? నా కాలు నాకు తెలియదా?"

"ఈసారి ఎత్తకుండా నడుపు."

"ఎత్తడం లేదు."

"ఎత్తావు."

"లేదంటే!"

"ఎత్తావత్తా," అంది వెనకనుంచి సన్నని గొంతు.

అత్త పళ్ళు బిగబట్టి, స్టీరింగుని గట్టిగా పట్టుకుని, కాలిని నొక్కిపెట్టింది. వేగం అందుకునే సరికి కాలు దాని దారిన అది లేచింది. ఆవిడ ఆ పాదాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. ఇన్నేళ్ళు నూనె రాసి పెంచితే, తనకి చెప్పకుండా ఏవో పనులు చక్కబెడుతోంది!

"ఇప్పుడు అమ్మాయి నడపాలి," అన్నాడు నిదానం.

మేనకోడలు నడిపింది. ఇంజను కీచుమంది, దొరసాని తన్నింది, నిదానం టోపీ ఎగిరి వెనక అరలోకి పోయింది. ఆయన మొహం మాత్రం చేటంత అయింది. "ఇదీ రోగం! దొరికింది. అమ్మాయి కాలికేం లేదు. రోగం ఉన్నది బండికే. అక్క కాలు దాన్ని కప్పిపుచ్చుతోంది."

బండి ఆపి ఆయన విడమరిచి చెప్పాడు. గేరుపెట్టెకి కళ్ళు లేవు. ఇంజను ఎంత బరువు లాగుతోందో దానికి తెలియాలంటే ఎవరైనా కబురు మోయాలి. ఇలాంటి పాత బళ్ళలో ఆ కబురు మోసేది ఒక రబ్బరు గొట్టం. ఇంజను గాలి పీల్చే పీల్పే ఆ కబురు. గొట్టం ఎక్కడైనా చీలితే బయటి గాలి దూరి, కబురు తారుమారవుతుంది. చదును రోడ్డు మీద పోతున్నా గేరుపెట్టె మాత్రం కొండెక్కుతున్నామనుకుని, పట్టిన గేరు వదలదు. వదిలినప్పుడు దబ్బున వదులుతుంది. కాలు ఎత్తితే పీల్పు పెరుగుతుంది. అప్పుడు చీలిన గొట్టంలోంచి కూడా కాస్త కబురు అందుతుంది, గేరు మెత్తగా మారుతుంది.

"చాడీలు మోసేది సగం సగం మోస్తే కొంపలంటుకున్నట్టు," అంది అత్త, ఒప్పుకోకుండానే ఒప్పుకుంటూ.

నిదానం బండికింద చాలాసేపు ఉన్నాడు. పైకి ఆయన కాళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. ఉన్నట్టుండి ఆ కాళ్ళు కదలడం మానేశాయి. లోపలినుంచి ఒక నవ్వు మొదలై, దగ్గుగా మారి, మళ్ళీ నవ్వుగా తేలింది. ఆయన బయటికి వచ్చి చెయ్యి చాపాడు. గుప్పెట్లో ముక్కలయ్యేలా ఉన్న రబ్బరు గొట్టం, దాని నడుముకి మసిపట్టిన రిబ్బను. ముడి విప్పితే లోపలి మడతలో ఇంకా గులాబీరంగు మిగిలి ఉంది.

బేకరీలో కేకుపెట్టెలకి కట్టే రిబ్బను అది.

అత్త దాన్ని చూసింది. ఆకాశం చూసింది. మళ్ళీ దాన్ని చూసింది. "ఎప్పుడో ఒకసారి దారిలో చూస్తే వేలాడుతోంది. వేడి సైలెన్సరుకి తగిలేలా ఉంది. చేతిలో ఇదే ఉంది మరి. కట్టాను."

"పువ్వుముడి కూడా వేశావు."

"వేస్తే? ఏ పనైనా ముచ్చటగా చెయ్యాలి."

"ముచ్చటగానే ఉందక్కా. గొట్టం మాత్రం అక్కడే మడతపడి, అక్కడే చీలింది. అది పైన మూల దాక్కుంది, నేనెప్పుడూ అంతదాకా తల దూర్చలేదు. చీలడం ఒక్కరోజులో జరగలేదు. అది కొంచెం చీలితే నీ కాలు కొంచెం నేర్చుకుంది, ఇంకొంచెం చీలితే ఇంకొంచెం."

కొత్త గొట్టం వేసి, రెండు కొసలా క్లిప్పులు బిగించేదాకా అత్త స్టూలు మీద కూర్చుని రిబ్బను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. తర్వాత మేనకోడలి వైపు చూడకుండా అడిగింది. "నీది రోకలి కాలు అన్నానా?"

"అన్నావు."

"సరే, ఆ మాట వెనక్కి తీసుకున్నాను. నువ్వు మాత్రం ముందుకి చూసి నడుపు."

ముందుగా తానే నడిపి చూడాలంది. కూర్చుంది. బయల్దేరింది. వేగం అందుకునే వేళకి కాలు అలవాటుగా లేచింది. దొరసాని కునుకుపాటు పడి ఉలిక్కిపడి లేచినట్టు ఊగింది. రెండోసారీ అంతే. "చంపావు కదయ్యా! బంగారంలాంటి బండిని పాడుచేశావు," అని అత్త కిటికీలోంచి అరిచింది. నిదానం చేతులు తుడుచుకుంటూ, "నిదానం అక్కా. బండి బాగైంది. ఇంక బాగవ్వాల్సింది నీ కాలే," అన్నాడు.

మేనకోడలు కూర్చున్నప్పుడు మాత్రం దొరసాని కిమ్మనలేదు. మొదటి గేరు, రెండో గేరు, మూడో గేరు... ఇంజను శ్రుతి మారితేనే మారినట్టు. ఆమె ఆ రోడ్డు కొసకి వెళ్ళి, తిరగాల్సిన చోట తిరగడం మరిచిపోయి, ఇంకాస్త ముందుకి పోయింది.

ఆదివారం వచ్చింది. ఆపరేషనైన అత్త నల్లకళ్ళజోడుతో పక్కసీట్లో మహారాణిలా కూర్చుంది. వెనక బేకరీ యజమాని, కేకుకి అటూ ఇటూ చేతులు చాచి, ముట్టుకోకుండా, వానలో దీపాన్ని కాస్తున్నట్టు నిలబడ్డాడు. కేకు పైన చక్కెరతో చేసిన చిన్న కుర్చీ, అందులో చక్కెర బామ్మ. ఊపిరి గట్టిగా వదిలితే విరిగేలా ఉంది.

కొండదారి సగంలో ఒక లారీ అడ్డంగా వెనక్కి తిప్పుకుంటోంది. మేనకోడలు ఎత్తులో ఆపాల్సి వచ్చింది. యజమాని సన్నని గొంతు ఇంకా సన్నబడి, "అమ్మా, అమ్మా," అంది. ఎవర్ని పిలిచాడో ఆయనకే తెలియదు. లారీ తప్పుకుంది. ఆమె బ్రేకు వదిలి, యాక్సిలరేటరు మీద పాదం ఆనించింది. నిజంగా ఎత్తెక్కుతున్నారు కనుక ఇంజను కాస్త ఎక్కువసేపు లాగింది. అది న్యాయమే. తర్వాత, చెప్పి మరీ మారినంత మర్యాదగా రెండో గేరు పడింది. చక్కెర బామ్మ కుర్చీలోంచి కదల్లేదు.

"ఏమిటా చప్పుడు?" అన్నాడు యజమాని. "టప్ మంది?"

మేనకోడలు ఓరకంట చూసింది. పక్కసీటు ముందు ఉత్త చాప మీద అత్త కుడికాలు లేచి, దిగింది.

"ఈ బండికి అది మామూలేనండీ," అంది మేనకోడలు.

కేకు నిలబడే గుమ్మం దాటింది. నూరేళ్ళ బామ్మగారు దాని చుట్టూ కర్రతో ఒక ప్రదక్షిణ చేసి, "నాకంటే నిటారుగా ఉందే!" అని మెచ్చుకున్నారు. బేకరీ యజమాని నుదుటి చెమట తుడుచుకున్నాడు. "రేపు పొద్దున్నే రావాలి డ్రైవరమ్మా, పెట్టెలు చాలా ఉన్నాయి," అని, అత్త వైపు తిరిగి, "మేనత్త పోలిక ఊరికే పోదండీ," అన్నాడు.

"పోలిక మొహంలో ఉంటే చాలు నాయనా," అంది అత్త. "కాలికి వద్దు."

తిరుగుదారిలో బండి ఖాళీగా ఉంది. యజమాని బామ్మగారింట్లో భోజనానికి ఉండిపోయాడు. కొండ దిగేలోపే అత్త తల కిటికీకి ఆనింది. నల్లకళ్ళజోడు ముక్కు మీదికి జారింది. సన్నగా గురక. మేనకోడలు చదును రోడ్డెక్కి వేగం అందుకుంది.

గురక ఆగలేదు. కాలు మాత్రం లేచింది. టప్.

వెనకే గేరు మారింది.